చారసేవకు పౌరసత్వమా?

పాయకరావుపేటకును తునికిని నడుమ తాండవ నది పారుచున్నది. ఇవతలి యొడ్డు అనకాపల్లి జిల్లా, అవతలి యొడ్డు కాకినాడ జిల్లా. 2022లో కొత్త జిల్లాలు ఏర్పడక పూర్వము విశాఖపట్టణము, తూర్పు గోదావరి జిల్లాలకును ఈ యేరే పొలిమేర. అయినను పేటలోనివాడు రైలెక్కుటకు వంతెన దాటి తునికి పోవుచునే యున్నాడు. నడుమ నిలిచి "నీ వే జిల్లావాడవు?" అని యడుగువాడు లేడు. జిల్లా పొలిమేర పాలనా సౌకర్యమునకై గీచిన గీత. దేశపు పొలిమేర యట్టిది కాదు. దానిని దాటి యవతలివారిలో నొకడుగా నిలుచుటకు పత్రములు కావలెను, సంవత్సరములు కావలెను, ప్రమాణము కావలెను. ఆ ప్రమాణము చేసినవానికి ఓటు వచ్చును. పాలకుల నెన్నుకొను హక్కు వచ్చును. ఇది నా దేశమని చెప్పుకొను అధికారము వచ్చును. దీనినే పౌరసత్వ మందురు.

ఒక దేశపు గూఢచారి శాఖకు సాయపడిన విదేశీయులకు ఈ పౌరసత్వమును తక్కినవారికంటె ముందుగా, దగ్గరి దారిని ఇచ్చుట న్యాయమా? ఇది తాండవ యొడ్డున బ్రతుకువారికి సంబంధింపని దూరపు ప్రశ్నవలె తోచును. కాని కోస్తా జిల్లాలలోని యుపాధ్యాయుడు తన పూర్వ విద్యార్థుల పేర్లు తలచుకొన్నచో, వారిలో నొకరో ఇద్దరో అమెరికాలో చదువుకొనుచునో, కొలువు చేయుచునో కనిపింతురు. అక్కడ ఉద్యోగమును బట్టి స్థిరనివాసము కోరువారికి సంవత్సరమునకు సుమారు 1,40,000 అనుమతులు కలవు. వానిలో ఏ యొక్క దేశమువారికిని సాధారణముగా నూటికి ఏడింటికి మించి దక్కవు. కోరువారిలో భారతీయులు పెక్కుమంది యగుటచేత వారి వరుస పదుల యేండ్లు సాగుచున్నది. అట్టి వరుస ప్రక్కనే ఒక చిన్న తలుపు కలదనియు, రహస్యము తెచ్చినవానికి అది త్వరగా తెరచుకొనుననియు ఎవరైన చెవిలో చెప్పినచో ఆ మాటకు ఎంత బలముండునో యోచింపవలెను. దూరపు ప్రశ్న ఇంటి ప్రశ్న యగుట ఇట్లు.

ఆ తలుపు కల్పితము కాదు. అమెరికాలో 1949లో కేంద్ర గూఢచారి సంస్థ యగు సి.ఐ.ఏ. కొరకు చేసిన చట్టము, జాతీయ భద్రతకు గాని గూఢచార కార్యమునకు గాని అవసరమని అధికారులు తేల్చిన విదేశీయులకు, వారి కుటుంబములతో కలిపి ఏటికి నూరుమందికి మించకుండ, సామాన్య నిబంధనలతో పనిలేక స్థిరనివాసము నిచ్చుటకు వీలు కల్పించినది. 1985లో చేర్చిన నిబంధన ఇంకను ముందుకు పోయినది. దేశభద్రతకో గూఢచార కార్యమునకో ఒకడు అసాధారణ సేవ చేసెనని ఆ శాఖ యధిపతియు, న్యాయశాఖ, వలసశాఖల యధికారులును నిర్ణయించినచో, సామాన్యులకు విధించిన ఐదేండ్ల నివాసమునకు మారుగా ఒక్క యేడాది నివాసముతోనే అతనికి పౌరసత్వము నీయవచ్చును. కమ్యూనిస్టు పక్షము మొదలగువానిలో సభ్యులైనవారికి గల నిషేధము కూడ అతనికి అడ్డు రాదు. ఇట్టివారు ఏటికి ఐదుగురికి మించరాదు. చట్టసభలోని గూఢచార సంఘములకు ముందుగా ఎరిగింపవలెను. ఇక 1994 నాటి చట్టము నేరగాండ్రనుగూర్చి సమాచార మిచ్చు విదేశీయులకు 100, ఉగ్రవాదమునుగూర్చి ఇచ్చువారికి 25 ప్రత్యేక వీసాలను ఏర్పరచినది. ఆ వీసా వచ్చినవాడు తరువాత స్థిరనివాసమును కోరవచ్చును.

ఈ సంఖ్యలు చిన్నవి. దురుపయోగమునకు కళ్ళెము వేయవలెనను యత్నము కూడ వానిలో కనిపించుచున్నది. కావున ఈ పద్ధతిని సమర్థించువారి వాదమును తేలికగా త్రోసివేయరాదు. వారు చెప్పునది ఇది: పరదేశమునకు సమాచార మిచ్చినవాడు తన ప్రాణమును పణముగా ఒడ్డినవాడు. గుట్టు బయటపడిన దినమున అతనికి సొంత ఊరు లేదు, సొంత దేశము లేదు. అట్టివానిని వాడుకొని విడిచిపెట్టుట కృతఘ్నత. ఈ మాట నిజము. అఫ్ఘనిస్తానములో అమెరికా సైన్యమునకు దుబాసీలుగా పనిచేసినవారికి ప్రత్యేక వీసాల నిత్తుమని 2009లో చట్టము చేసిరి. 2021 ఆగస్టు 15న కాబూలు తాలిబాన్ల వశమగునాటికి వేలకొలది దుబాసీల దరఖాస్తులు ఇంకను తేలలేదు. విమానాశ్రయపు గోడలవద్ద పసిబిడ్డల నెత్తి పట్టుకొని నిలిచిన జనమును లోకమంతయు చూచినది. ఆ దృశ్యము చూచినవా డెవడును, సాయపడినవారికి ఏమియు నీయనక్కరలేదని అనజాలడు.

అయితే ఈయవలసిన దేమి? వాదమునకు కీలక మిచ్చట నున్నది. తెలుగువారికి ఈ విషయమున రామాయణము గొప్ప పాఠము చెప్పుచున్నది. అన్నను విడిచి వచ్చిన విభీషణుడు సముద్రతీరమున నిలిచినప్పుడు, వీడు వేగులవాడేమో అని సుగ్రీవుడు శంకించెను. హనుమంతుడు చేర్చుకొనుట యుక్తమనెను. రాముడు అందరి మాటలును వినెను. తుదకు శరణన్నవానికి అభయ మిచ్చుట తన వ్రతమని చెప్పి విభీషణుని దగ్గరకు రానిచ్చెను. లంకలోని రాక్షసుల బలాబలములను గూర్చి అడిగినది ఆ తరువాతనే. వరుసను గమనింపవలెను: అభయము ముందు, సమాచారము వెనుక. "నీకు తెలిసిన గుట్టు చెప్పుము, దాని విలువను బట్టి శరణిత్తును" అని రాముడనలేదు. మరియు విభీషణునికి దక్కినది అయోధ్యలో పౌరసత్వము కాదు, లంకకు పట్టాభిషేకము. పట్టాభిషేక మహోత్సవమునకు అయోధ్యకు వచ్చినను, తిరిగి తన ప్రజలలోనికే పోయెను. ఇంతటి ధర్మాత్ముని కథను కొలుచుకొనుచునే తెలుగు జనము "ఇంటి గుట్టు లంకకు చేటు" అను సామెతను కూడ నిలుపుకొన్నది. శరణు కోరినవానియందు దయ, గుట్టు చెప్పినవానియందు జంకు, ఈ రెండును ఒక్క జాతి మనస్సులో కలసి యుండుట వింత కాదు. రెండును న్యాయమైనవే.

ఆశ్రయమును పౌరసత్వమును ఒకటిగా కలిపివేయుటచేతనే చిక్కు పుట్టుచున్నది. ఆశ్రయము ఆపదను చూచి ఇచ్చునది. ఆపన్నుడు మంచివాడా, ఉపకారియా అను విచారణ దానికి అక్కరలేదు. తుఫానుకు చిక్కియో, జబ్బుపడియో తీరమునకు చేరిన పరదేశపు నావికులను వారి వారి జాతికి తగినట్లు ఆదరింపవలెనని ఆముక్తమాల్యదలోని రాజనీతి చెప్పినది. వారు ఏ వార్తలు తెచ్చిరని అది అడుగలేదు. పౌరసత్వమో, అది కలసి బ్రతుకుటకు ఒప్పుకొన్నవారి నడుమ ఏర్పడు బంధము. కొత్తవాడు ఆ దేశపు వీధులలో నడచి, అక్కడి మాట నేర్చి, పన్నులు కట్టి, ఇరుగుపొరుగుల కష్టసుఖములలో పాలుగొని, వారికి పరిచితుడైన పిమ్మట ఆ బంధములో చేరును. నివాసపు గడువు విధించుటలోని యంతరార్థ మిదియే. గడువు శిక్ష కాదు. పరిచయమునకు పట్టు కాలము. చారుని విషయమున ఈ పరిచయమునకు తావెక్కడిది? అతని సేవ రహస్యము. ఒక్కొక్కప్పుడు పేరును పూర్వవృత్తాంతమును కూడ కల్పితములు. ఏ గుణమును చూచి తనను తమలో చేర్చుకొనిరో తోడి పౌరులకు ఎన్నడును తెలియదు.

రహస్యముగా చేసిన వాగ్దానమునకు మరియొక లోపము కలదు. దానిని నెరవేర్చుమని అడుగుటకు చోటు లేదు. అమెరికా అంతర్యుద్ధ కాలమున అధ్యక్షుడు లింకనుతో ఒప్పందము చేసికొని, నెలకు 200 డాలర్ల జీతమునకు శత్రుసీమలో వేగు నడిపిన యొకని పక్షమున, అతని మరణానంతరము బాకీ కొరకు దావా వేసిరి. 1870 దశకములో ఆ దేశపు సుప్రీంకోర్టు దానిని త్రోసివేసెను. రహస్యపు టొప్పందమును కోర్టులో చర్చించుటయే దాని స్వభావమునకు విరుద్ధమని తీర్పు చెప్పెను. సుమారు నూట ముప్పది యేండ్ల తరువాత, 2005లో, అదే న్యాయము మరల వర్తించినది. పూర్వము సోవియట్ కూటమిలోని యొక దేశమున నుండి సి.ఐ.ఏ.కు పనిచేసి, అమెరికాకు చేరి, అక్కడి పౌరులైన దంపతులు, తమకు జీవితాంతము పోషణ వాగ్దానము చేసి ఆపివేసిరని మొరపెట్టుకొనిరి. వాగ్దానము నిజమా కాదా అను విచారణయే జరుగలేదు. పాత తీర్పు అడ్డమని కోర్టు ద్వారమువద్దనే నిలిపివేసిరి. పౌరసత్వము వచ్చిన తరువాత సయితము తక్కిన పౌరులవలె న్యాయస్థానము నాశ్రయించు వీలు వారికి ఈ విషయమున లేకపోయెను. అడిగి తీసికొనరాని బహుమానమును ఆశగా చూపుట ఎట్టి బేరమో వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ ఆశ ఎవరిమీద పనిచేయును? ఇల్లు వాకిలి స్థిరముగా నున్నవానిమీద కాదు; నిలువ నీడ యుండునో పోవునో తెలియనివానిమీద. కౌటిల్యుడు ఈ మర్మమును దాచక చెప్పెను. పరరాజు కొలువులో చేరి ఇరువైపుల జీతము తీయు చారులను అతడు ఉభయవేతనులనెను. అట్టివారి భార్యాపుత్రులను తన చేతిలో నుంచుకొని మరీ వారిని నియోగింపవలెనని రాజునకు బోధించెను. నేటి రాజ్యములు ఆలుబిడ్డలను చెరపట్టుటలేదు. అయినను వీసా గడువు, కుటుంబమును పిలిపించుకొను అనుమతి, తిరుగు ప్రయాణపు హక్కు వాని చేతిలోనే యున్నవి. తమ మతస్థులపై వేగు నడుపుటకు నిరాకరించినందున విమాన మెక్కరాదను జాబితాలో తమ పేర్లు చేర్చిరని అమెరికాలోని కొందరు ముస్లిములు అధికారులపై దావా వేసిరి. అట్టివారు నష్టపరిహారము కోరవచ్చునని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు అంగీకరించెను. వారి యారోపణ నిజమని కోర్టు తేల్చలేదు. అట్టి దావాకు చట్టమున చోటు కలదని మాత్రము చెప్పెను. అయినను బహుమానముగా చూపదగినది బెదిరింపుగా కూడ చూపదగునను భయము ఎంతదూరము వ్యాపించినదో ఆ దావా తెలుపుచున్నది.

తెలుగువారికి ఇంతకంటె దగ్గరి యనుభవము 2019 జనవరిలో కలిగినది. మిషిగన్ రాష్ట్రమున ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయమను పేరుతో ఒక సంస్థ యుండెను. దానికి వెబ్‌సైటు ఉన్నది, ముద్ర ఉన్నది, రుసుము ఉన్నది. పాఠములు లేవు, పాఠములు చెప్పువారు లేరు. అమెరికా వలసశాఖ యధికారులే మారుపేర్లతో నడిపిన వల అది. అందులో చేరిన ఆరువందల పైచిలుకు విద్యార్థులలో అత్యధికులు భారతీయులు. వారిలో తెలుగువారు పెక్కురు. విద్యార్థులను చేర్చిరని ఎనిమిదిమందిపై నేరము మోపిరి; వారిలోను తెలుగువారు కలరు. చదువు లేకయే వీసా నిలుపుకొన జూచినవారి తప్పును కప్పిపుచ్చనక్కరలేదు. మోసపోయితి మన్నవారును వారిలో నున్నారు. ఇచ్చట గమనింపవలసినది వేరు. ఆ వలలో ఎర ధనము కాదు. మరికొన్నాళ్ళు ఆ దేశమున నిలుచు వీలు అను ఆశ మాత్రమే. అంతటి చిన్న ఆశకే వందలమంది చిక్కిరి. శాశ్వతముగా నిలుచు హక్కునే ఎరగా చూపి, మారుగా నీ తోటి విద్యార్థి ఎవరితో మాటాడుచున్నాడో చెప్పుమని యడిగినచో కాదనువా రెందరు? ఒకడు ఔనన్నాడని తెలిసిన దినమున ఆ గదిలోని తక్కిన నలుగురి నడుమ స్నేహము నిలుచునా?

అనుమానము ఒక సమాజమును ఎట్లు తినివేయునో ఈ జిల్లా మన్యమునకు తెలిసినంతగా వేరొక చోటికి తెలియదు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలను వరుసగా మూడు దినములలో కొట్టెను. ప్రభుత్వము అతని తలకు పదివేల రూపాయల వెల కట్టినది. ఆ కాలమున పదివేలనగా కొండవాడు తరతరములు కష్టించినను కంట చూడరాని సొమ్ము. అయినను 1924 మే 7న కొయ్యూరువద్ద అతడు ప్రాణము విడుచువరకు, రెండేండ్లకు కొంచెము తక్కువగా, ఆ కొండలు అతనిని దాచినవి. ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో నున్న కృష్ణదేవిపేటలో అతని సమాధికి జనము మ్రొక్కుచున్నారు. వెల కట్టిన ప్రభుత్వము దృష్టిలో రాజునుగూర్చి కబురు తెచ్చువాడు రాజ్యసేవకుడు. కొండవాని దృష్టిలో వాడు ద్రోహి. ఒక్క పనికి రెండు పేర్లు. గూఢచారికి బహుమాన మిచ్చు చట్టమును తూచునప్పుడు ఈ రెండవ త్రాసును కూడ ఎదుట నుంచుకొనవలెను. ఏలయన, ఏ దేశపు రహస్యమైనను వేరొక దేశపు ప్రజల యింటి గుట్టే. 2004లో భారతదేశపు విదేశ గూఢచార విభాగములోని రవీందర్ సింగ్ అను ఉన్నతాధికారి, అమెరికాకు రహస్యముల నందించెనను అనుమానము బలపడుచుండగా, నేపాళము మీదుగా అమెరికాకు పారిపోయెను. అతనికి అక్కడ దొరికిన నీడను భారతీయు డెవడును కృతజ్ఞతకు నిదర్శనమని మెచ్చుకొనలేదు. మనయెడ చేసినప్పుడు ద్రోహమైనది, మనకొరకు చేసినప్పుడు సుగుణ మెట్లగును?

చారుడును, అతని వాడుకొన్న రాజ్యమును మాత్రమే ఈ బేరములో పాలివారు కారు. వెల చెల్లించు మూడవవాడు వేరుగ నుండును. పాకిస్తానములోని అబ్బోత్తాబాదులో ఒసామా బిన్ లాడెను దాగిన యింటి జాడ తీయుటకై, వైద్యుడు షకీల్ అఫ్రీదీ చేత సి.ఐ.ఏ. ఒక టీకాల కార్యక్రమమును నడిపించినది. పిల్లలకు కామెర్ల వ్యాధి టీకా లిచ్చుట పైకి చెప్పిన పని; ఆ యింటిలోనివారి రక్తపు ఆనవాళ్ళు సంపాదించుట లోపలి యుద్దేశము. 2011 మేలో బిన్ లాడెను హతుడైన పిమ్మట అఫ్రీదీని పట్టుకొనిరి. 2012లో, వేరొక యభియోగముపై, ముప్పదిమూడేండ్ల శిక్ష విధించిరి. పదేండ్లు దాటినను అతనికి విముక్తి కలుగలేదు. ఆ 2012లోనే అమెరికా ప్రతినిధుల సభలో డానా రోరబాకర్ అను సభ్యుడు అఫ్రీదీకి అమెరికా పౌరసత్వము నీయవలెనని బిల్లు తెచ్చెను. చారసేవకు పౌరసత్వ మను సూత్రమునకు ఇంతకంటె స్పష్టమైన యుదాహరణము దొరకదు. కాని ఆ పౌరసత్వము చెరసాల తలుపును తీయజాలదు.

ఆ టీకాల గుట్టు రట్టయిన తరువాత పాకిస్తానములో టీకా వేయవచ్చిన ప్రతివారిమీదను అనుమానము ముదిరినది. 2012 డిసెంబరు మొదలుకొని ఇంటింటికి తిరిగి పోలియో చుక్కలు వేయు కార్యకర్తలను కాల్చి చంపిరి. వారిలో స్త్రీలు పెక్కురు. టీకాలపై వైరము అంతకు ముందు నుండియు కలదు గనుక ఆ హత్యల కన్నిటికిని ఈ యొక్క ఘటనయే కారణమనుట సరికాదు. అయినను ఆ వైరమునకు ఒక సాకు దొరికినది. 2013 జనవరిలో అమెరికాలోని పండ్రెండు ప్రజారోగ్య విద్యాలయముల పెద్దలు అధ్యక్షుడు ఒబామాకు లేఖ వ్రాసి నిరసన తెలిపిరి. టీకాల కార్యక్రమములను ఇకపై గూఢచర్యమునకు వాడమని 2014 మేలో ప్రభుత్వము మాట ఇచ్చినది. ఒక వైద్యునికి పౌరసత్వ మిచ్చినచో అతని ఋణము తీరునేమో. చుక్కలు వేయబోయి కూలిన ఆ స్త్రీల ఋణమును ఏ చట్టము తీర్చును? వైద్యుని సంచి, గురువు పుస్తకము, సన్న్యాసి కాషాయము ప్రజల నమ్మకముమీద బ్రతుకునవి. వేగులవాడు వానిని కప్పుకొన్నప్పుడు నిజమైన వైద్యుడును, నిజమైన గురువును అనుమానితు లగుదురు.

ఇక భారతదేశపు చట్ట మేమనుచున్నది? 1955 నాటి పౌరసత్వ చట్టము ప్రకారము విదేశీయుడు దేశీయకరణము కోరినచో, దరఖాస్తుకు ముందటి పండ్రెండు నెలలు ఎడతెగక ఇచ్చట నుండవలెను. అంతకు ముందటి పదునాలుగేండ్లలో మొత్తము పదునొకండేండ్లకు తక్కువ కాకుండ నివసించి యుండవలెను. 2019 సవరణ మూడు పొరుగు దేశములనుండి వచ్చిన ఆరు మతములవారికి ఆ పదునొకండేండ్లను ఐదేండ్లకు తగ్గించినది. రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని యొక భాష తగినంతగా వచ్చి యుండవలెనను నియమమును కలదు. కావున తెలుగు నేర్చిన విదేశీయుడు ఆ భాషా నియమమును తీర్చినవాడే. ఈ నియమముల నన్నిటిని గాని కొన్నిటిని గాని సడలించు అధికారమును ఆరవ విభాగము కేంద్ర ప్రభుత్వమున కిచ్చినది. ఎవరి విషయమున? విజ్ఞానశాస్త్రము, తత్త్వశాస్త్రము, కళ, సాహిత్యము, ప్రపంచశాంతి, సామాన్యముగా మానవ పురోగతి, వీనికి విశిష్ట సేవ చేసినవారి విషయమున. దగ్గరి దారి ఇచ్చటను కలదు. కాని ఆ దారి తెరచుకొనునది నలుగురి యెదుట పేరు పెట్టి చెప్పదగిన సేవకు. ఆ పట్టికలో గూఢచార సేవకు పేరు లేదు. సాహిత్యమునకు చోటు కలదు.

ఆ పట్టిక యందలి భావమునకు తగిన మనిషి యొకడు తుని నుండి రైలెక్కినచో ఒకటి రెండు గంటలలో చేరదగిన చోట ఇప్పటికిని పాఠము చెప్పుచున్నాడు. అతడు జన్యుశాస్త్రజ్ఞుడు జె.బి.ఎస్. హాల్డేన్. 1892లో ఆక్స్‌ఫర్డులో జన్మించెను. కమ్యూనిస్టు పక్షముతో గల సంబంధముచేత బ్రిటిష్ గూఢచారి శాఖ అతనిపై పుట పేర్చి నిఘా వేసినది. 1956 నాటి సూయజు దండయాత్రను నిరసించి, 1957లో ఇంగ్లండును విడిచి కలకత్తాలోని భారత గణాంక సంస్థకు వచ్చెను; పిదప భారత పౌరుడయ్యెను. 1964 డిసెంబరు 1న భువనేశ్వరములో మరణించెను. తన దేహమును వైద్యవిద్యార్థుల యభ్యాసమునకై కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు వ్రాసి యిచ్చెను. జన్మభూమి తనను అనుమానముతో చూచిన మనిషి, వరించిన దేశమునకు తన యెముకలను కూడ బాహాటముగా సమర్పించెను. ఈ దేశము అతని నుండి రహస్యము లేవియు అడుగలేదు. పౌరసత్వమునకు అర్థము బోధించుటకు ఇంతకు మించిన పాఠ్యాంశము ఉపాధ్యాయులకు దొరకుట కష్టము.

దేశమునకు శత్రువులు కలరు, సరిహద్దులు కలవు, వేగులవారు లేక రాజ్యము సాగదు అని పెద్దలు చెప్పినచో కాదనుటకు లేదు. రాజు చారచక్షువని పూర్వులు ఊరకే అనలేదు. కాని కన్ను చేయు పనికి కూలి యిచ్చుట వేరు, ఇంటిలో పాలు పంచుట వేరు. సాయపడిన విదేశీయునికి ధన మీయవచ్చును, కొత్త పేరుతో కొత్త చోట కాపురము పెట్టింపవచ్చును, అతని బిడ్డలకు చదువు చెప్పింపవచ్చును. ఆపద మూడినప్పుడు అతనిని దాటించుట రాజ్యపు విధి. ఆ విధిని చట్టములో వ్రాసి, మాట తప్పినప్పుడు ఒక న్యాయమూర్తి యెదుట చాటుగానైన మొర వినిపించు వీలు కల్పింపవలెను. నిలువ నీడ దొరకిన తరువాత అతడు తక్కినవారివలె ఉండి, తక్కినవారికి వలెనే గడువు నిండినప్పుడు, తక్కినవారితో పాటు ప్రమాణము చేయవచ్చును. అప్పు డతడు పౌరుడగుట అక్కడ బ్రతికిన బ్రతుకుచేత. తెచ్చి యిచ్చిన గుట్టుచేత కాదు. వీటికంటె ముఖ్యము, పౌరసత్వమును ముందుగా చూపి ఎవరిని వేగునకు పిలువరాదు. విద్యార్థిని, వలసకూలిని, శరణార్థిని మరియు పిలువరాదు. వారికి కాదనుటకు స్వేచ్ఛ లేదు. స్వేచ్ఛ లేనివాని ఔను ఒప్పందము కాజాలదు.

తాండవ దాటి, సముద్రములు దాటి పోవు పిల్లలకు ఊరి పెద్దలు చెప్పు బుద్ధులు చాల గలవు: నీళ్ళు మారును జాగ్రత్త, చలి యెక్కువ జాగ్రత్త, ధనము జాగ్రత్త. వానితో పాటు ఇదియు చెప్పి పంపవలెను. వరుస ఎంత పొడవైనను అందులో నిలుచుట సిగ్గు కాదు. పరదేశమున తన వారినిగూర్చి గుసగుసగా అడుగువాడు చూపు తలుపు ఎంత దగ్గరగా నున్నను, దాని యవతల నలుగురిలో చెప్పుకొనదగిన పేరు ఉండదు. ఏ దేశపు పౌరసత్వమైనను పగటివేళ, పదిమంది యెదుట, చేయి యెత్తి ప్రమాణము చేసి తీసికొనునది. ఆ ప్రమాణమునకు కారణము కూడ పదిమంది వినదగినదై యుండవలెను.